ఆరుగురు మోయగల వంతెన

వెనుకంజ వేసే సేన తాను దాటిన వంతెనను పేల్చివేసి పోతుంది; తరుముకొచ్చే సేన గట్టున నిలిచిపోతుంది. పూర్వం పడవలను వరుసగా కట్టి, వాటిపై పలకలు పరచి దాటేవారు. క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్‌క్సిస్ తన సేనను హెలెస్పాంట్ జలసంధి దాటించినది ఈ విధంగానే. కాల్బలానికీ, గుర్రాలకూ ఆ ఏర్పాటు చాలింది. టాంకుల బరువుకు అది ఆగదు.

1942 మే నెలలో బర్మా నుండి వెనుదిరిగిన బ్రిటిష్ ఇండియా సేనకు ఈ సంగతి చేదుగా అనుభవమైంది. చింద్విన్ నదిపై కలేవా సమీపాన వంతెన లేదు. మనుషులు పడవలలో దాటారు గాని, దాదాపు టాంకులన్నిటినీ ఈవలి గట్టునే ధ్వంసం చేసి విడిచిపెట్టవలసి వచ్చింది. అదే సంవత్సరం తెలుగువారితో సహా బర్మాలోని భారతీయులు వేలాదిగా కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. ఆ బాటలలో ఒకటి కలేవా మీదుగానే సాగింది.

ఈ చిక్కుకు పరిష్కారం అప్పటికే ఇంగ్లండులో రూపొందింది. క్రైస్ట్‌చర్చ్ పట్టణంలోని సైనిక వంతెనల ప్రయోగశాలలో పనిచేసే డొనాల్డ్ బెయిలీ సైనికుడు కాడు, ప్రభుత్వోద్యోగి. ఆయన తొలి బొమ్మను ఒక పాత కవరు వెనుక గీశాడని చెప్పుకుంటారు. కవరు మాట ఎలా ఉన్నా, 1941 ఫిబ్రవరిలో అనుమతి లభించగా, మే నెల ఆరంభానికల్లా పూర్తి పరిమాణపు నమూనా పరీక్షకు సిద్ధమైంది.

ఆ వంతెనకు ప్రాణం ఒక ఉక్కు చట్రం. దాని పొడవు 10 అడుగులు, ఎత్తు సుమారు 5 అడుగులు, బరువు సుమారు 260 కిలోలు. ఆరుగురు మనుషులు దానిని మోయగలరు. మామూలు లారీ తీసుకుపోగలదు. చట్రానికి చట్రాన్ని పిన్నులతో కలుపుతారు. పైన సాగే వాహనాల బరువు పెరిగితే పక్కన మరొక వరుస, అదీ చాలకపోతే పైన మరొక అంతస్తు చేరుస్తారు. ఏ కర్మాగారంలో తయారైన చట్రమైనా మరొకదానితో అతకవలసిందే. ఇక నిలబెట్టే పద్ధతి మరీ ముచ్చటైనది. క్రేను అక్కరలేదు, ఆవలి గట్టున మనిషీ అక్కరలేదు. ఈవలి గట్టునే రోలర్లపై వంతెనను కూర్చి, ముందు భాగాన తేలికైన ముక్కు నొకదానిని తగిలించి మనుషులే ముందుకు నెడతారు. గాలిలో వేలాడే ముక్కు కొస కిందికి వంగుతుంది కనుక దానిని ముందుగానే కొద్దిగా పైకెత్తి బిగిస్తారు. ఆవలి గట్టు చేరాక ముక్కును విప్పివేస్తారు.

1944 డిసెంబరులో 14వ సేన మరల కలేవా చేరింది. ఈసారి చింద్విన్‌పై పంటుల మీద తేలే బెయిలీ వంతెన లేచింది. దాని పొడవు 1,154 అడుగులు. ఆనాటికి ప్రపంచంలోని బెయిలీ వంతెనలన్నిటిలో అదే పొడవైనది. విడిచిపోయిన టాంకుల చోట కొత్త టాంకులు నది దాటాయి. 1946లో బెయిలీకి సర్ బిరుదు లభించింది.

యుద్ధం ముగిసినా ఆ చట్రాలు మూలపడలేదు. 2024 జూలై 30న కేరళలోని వయనాడులో కొండచరియలు విరిగిపడి, చూరల్‌మల వద్ద వంతెన కొట్టుకుపోయి, ముండక్కై గ్రామానికి దారి తెగింది. 1780లో ఏర్పడి, దక్షిణాది నాలుగు భాషలవారూ కలిసి పనిచేసే మద్రాస్ శాపర్ల దళానికి పిలుపు వచ్చింది. బెంగళూరు నుండి లారీలపైనా, ఢిల్లీ నుండి విమానంలోనూ సామగ్రి చేరింది. వానలో, రాత్రంతా దీపాల వెలుగులో ఆ దళం 190 అడుగుల వంతెనను కూర్చింది. ఆగస్టు 1 సాయంత్రానికి అది పూర్తయి, శిథిలాలు తొలగించే యంత్రాలు ముండక్కై దారి పట్టాయి.