డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు – తెలుగు లిపి: ఎంపిక, స్థాపన, భద్రతల చారిత్రక పరిశీలన

కంప్యూటరులో తెలుగు ప్రస్థానాన్ని వివరించేటప్పుడు ఫాంట్లను, కీబోర్డులను, యూనికోడ్‌ను ప్రస్తావించడం పరిపాటి. వీటన్నిటికీ ఆధారపీఠమైన ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆ వివరణలలో నేపథ్యంగానే మిగిలిపోయింది. తెలుగు రచయిత గాని, పరిశోధకుడు గాని, ముద్రాపకుడు గాని ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకున్నాడన్నది దాని గుణదోషాల మీద కంటె, తెలుగు అక్షరం కంప్యూటరులో ఏ చోట ఉన్నదన్న విషయం మీదనే ఎక్కువగా ఆధారపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. అక్షరం మొదట ఒక ఎలక్ట్రానిక్ కార్డులో, తరువాత ఫాంటులో, చివరకు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చోటు చేసుకుంది. ఆ చోటు మారినప్పుడల్లా ఎంపిక, స్థాపన, భద్రత మూడింటి స్వరూపమూ మారింది. వీటిలో మధ్యదశ సాధారణంగా భావించేదాని కంటె చాలా ఎక్కువ కాలం సాగింది. ఆ దశలో తయారైన తెలుగు పాఠాల భవితవ్యం నేటికీ తేలలేదు.

డాస్ కాలంలో తెలుగు కావాలనుకున్నవారికి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకొనే అవకాశం దాదాపు లేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పుణెలోని సీ-డాక్‌లో రూపుదిద్దుకున్న జిస్ట్ కార్డును కంప్యూటరు లోపల బిగించుకోవాలి. తెరపై భారతీయ లిపులను చూపించే బాధ్యత ఆ కార్డుది. భారతీయ లిపులను ఎరుగని డాస్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు. అయితే ఈ ఏర్పాటులో ఒక విశేషం ఉంది. జిస్ట్ ఆధారంగా తీసుకున్న ఇస్కీ సంకేతావళి అక్షరాన్ని అక్షరంగానే నమోదు చేసింది. 'క్ష' అంటే కకారం, పొల్లు, షకారం. దాని ఆకారం ఎలా ఉండాలన్నది తరువాతి సంగతి. వర్ణక్రమం మీద నిలిచిన ఈ పద్ధతి మన వ్యాకరణ సంప్రదాయానికి సన్నిహితమైనది. భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని 1991లో ఐ.ఎస్. 13194గా ప్రకటించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోని తెలుగు విభాగం కూడా ఇస్కీ 1988 నాటి రూపం ఆధారంగా ఏర్పడినదే.

ఆ తరువాత జరిగినది పైకి పురోగతి, లోపల తిరోగతి.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. అక్షరాన్ని కాగితం మీద ఎలా పడుతుందో అలాగే తెరపై చూపే పేజ్‌మేకర్ అప్పటికే ముద్రణరంగాన్ని ఆకట్టుకొని ఉంది. పత్రికలకూ ప్రచురణకర్తలకూ కావలసినది అందమైన అక్షరం. ఆ అవసరాన్ని హైదరాబాదులోని అను గ్రాఫిక్స్ వంటి సంస్థల ఫాంట్లు తీర్చాయి. ఆ ఫాంట్ల నిర్మాణాన్ని ఒకసారి పరిశీలించాలి. ఒక ఫాంటులో 256 స్థానాలుంటాయి. నియంత్రణ సంకేతాలు పోగా ఉపయోగపడేవి రెండు వందల పైచిలుకు మాత్రమే. తెలుగు గుణింతాలను, సంయుక్తాక్షరాలను ఆ కొద్ది స్థానాలలో ఇమడ్చడానికి అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, దీర్ఘపు కొమ్ము మరొక ముక్క. ఈ ముక్కలను రోమన్ అక్షరాల స్థానాలలో ఉంచారు. కంప్యూటరు దృష్టిలో ఆ ఫైలులో తెలుగు లేదు. అర్థంలేని రోమన్ అక్షరాల వరుస మాత్రమే ఉంది. ఫాంటు తొలగిస్తే బయటపడేది అదే. ఒక్కొక్క సంస్థ ముక్కలను ఒక్కొక్క విధంగా అమర్చుకున్నందువల్ల ఒక ఫాంటులో కూర్చిన పాఠం మరొక ఫాంటులో చదవడానికి వీలుకాదు. అకారాది క్రమంలో పెట్టడం, పదాన్ని వెదకడం, పదప్రయోగ సూచిక తయారు చేయడం అసాధ్యమయ్యాయి. జిస్ట్ కార్డుతో డాస్‌లో సాధ్యమైన పని, దాని కంటె ఎంతో శక్తిమంతమైన విండోస్‌లో సాధ్యం కాకపోయింది. అక్షరాన్ని వదలి ఆకారాన్ని భద్రపరచడమే దీనికి కారణం. నిఘంటువు పని చేసినవారికి ఈ నష్టం వివరించనక్కరలేదు.

ఈ దశలో కంప్యూటరుకు 'తెలుగు వేయించడం' అంటే విండోస్ 98 స్థాపించి, పేజ్‌మేకర్ పెట్టి, దానిపై స్క్రిప్ట్ మేనేజరును అమర్చడం. ఈ మూడూ కలిస్తేనే తెలుగు. మొదటిది మారితే మిగిలిన రెండూ నిలుస్తాయన్న హామీ లేదు. అందువల్ల డి.టి.పి. కేంద్రాలలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చడమంటే పని ఆగిపోవడమే. ఆనాటి అలవాట్లు ఎంత గాఢమైనవో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ చాలు: విండోస్ తప్ప మరొకటి ఎన్నడూ వాడని ఆపరేటర్లు కూడా తమది 'యాపిల్ కీబోర్డు' అంటారు. యంత్రం మారినా మీటల వరుస పేరు మారలేదు.

పదకొండేళ్ళ ఎడం

యూనికోడ్ 1991లోనే వచ్చినా తెలుగువారు అలసత్వం వల్ల దానిని స్వీకరించలేదన్న అభిప్రాయం తరచుగా వినవస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. యూనికోడ్ తెలుగు విండోస్‌లో అంతర్భాగమైనది 2001 అక్టోబరులో వెలువడిన ఎక్స్‌పీతో మాత్రమే. అంతకుముందరి విండోస్ 2000లో దేవనాగరి, తమిళ లిపులకు చోటు దొరికింది, తెలుగుకు దొరకలేదు. ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అప్పటికీ అది తనంతట పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషలకు సంబంధించిన విభాగాన్ని తెరచి, సంక్లిష్ట లిపులకూ కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావలసిన ఫైళ్ళను స్థాపించమనే గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీని అందించాలి. తెలుగు, అరబ్బీ, థాయి అన్నీ ఆ ఒక్క గడిలోనే! మన దేశంలో విడిభాగాలతో కూర్చి అమ్మిన కంప్యూటర్లు ఎన్నిటితోనో అసలు సీడీ వచ్చేది కాదు. సీడీ లేనివారి తెరపై గుణింతాలు విడిపోయి, ఒత్తులు తప్పి, లేదా వట్టి డబ్బాలుగా తెలుగు కనబడేది. ఈ అదనపు స్థాపన అవసరం విస్టాతో తీరింది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు వచ్చినంత మాత్రాన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరుకు రాలేదు. పేజ్‌మేకర్ తన చివరి రూపమైన 7వ కూర్పుతో 2001లోనే ఆగిపోయింది. దానికి యూనికోడ్ తెలుగు ఎన్నడూ తెలియదు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్, తెలుగుతో సహా భారతీయ లిపులను సక్రమంగా కూర్చగలిగినది 2012 నాటి సీఎస్6తో. అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ అచ్చుపేజీకీ మధ్య పదకొండేళ్ళ ఎడం. జీటెక్ వంటి వ్యవస్థలు ఈ మధ్యకాలంలో ఉన్న మాట వాస్తవమే గాని, అవి సాధారణ ముద్రణాలయాలకు అందేవి కావు. ఈ పదకొండేళ్ళలో వెలువడిన పుస్తకాలలో, విశ్వవిద్యాలయ ప్రచురణలలో, సిద్ధాంత గ్రంథాలలో అత్యధిక భాగం ముక్కల ఫాంట్లలోనే తయారయింది. ఈ స్థితికి ఆపరేటర్లను తప్పుపట్టడం న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2012 తరువాత కూడా పాత ఫాంట్లలోని ఫైళ్ళనే కోరుతూ వచ్చిన ప్రచురణకర్తలకు, సంస్థలకు, అందులో విద్యాసంస్థలకు, ఆ మాట వర్తిస్తుంది.

పాత కంప్యూటరు – కొత్త ప్రమాదం

తెలుగు ముద్రణ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు కట్టుబడి ఉండడంలోని భద్రతా పర్యవసానం చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. కూర్పు కేంద్రం నుంచి రచయితకు, రచయిత నుంచి ముద్రాపకునికి ఫైలు చేరేది పెన్‌డ్రైవుల ద్వారా. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ వైరస్ తన తరువాతి రూపాలలో వ్యాపించడానికి ఆ మార్గాన్ని కూడా వాడుకుంది. దానికి విరుగుడైన సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు నెల ముందే, 2008 అక్టోబరులో, విడుదల చేసింది. అనుమతిలేని నకలు విండోస్ వాడేవారు పట్టుబడతామన్న శంకతో ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపివేసుకోవడం అప్పటి ఆనవాయితీ. సవరణ ఉండి కూడా అటువంటివారికి చేరలేదు.

ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. 2017 మే నెలలో వానాక్రై దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అప్పుడు మైక్రోసాఫ్ట్, మద్దతు ముగిసి మూడేళ్ళయిన ఎక్స్‌పీకి సైతం ప్రత్యేకంగా సవరణ ఇచ్చింది. అయితే ప్రపంచవ్యాప్తంగా ఆ దాడికి గురైన యంత్రాలలో అత్యధికం విండోస్ 7వని తరువాత తేలింది. అప్పటికి విండోస్ 7కు మద్దతు కొనసాగుతూనే ఉంది. సవరణ కూడా మార్చి నెలలోనే వచ్చింది. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ వయస్సు ఒక్కటే భద్రతను నిర్ణయించదు. వచ్చిన సవరణను వేసుకొనే అలవాటుకు అంతకంటె ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

లిపికీ భద్రతకూ ఉన్న సంబంధం 2018 ఫిబ్రవరిలో అనూహ్యంగా బయటపడింది. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను, మ్యాక్ కంప్యూటర్లలోని అప్లికేషన్లను కుప్పకూలుస్తున్నదని వార్తలు వచ్చాయి. ఆ అక్షరం 'జ్ఞా'. మామూలుగా టైపు చేసే 'జ్ఞా'కు ఈ దోషం వర్తించదు. జకారం, పొల్లు, ఞకారాల తరువాత, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని ఒక విభాజక సంకేతం చేరినప్పుడే అది సంభవిస్తుంది. యాపిల్ 2018 ఫిబ్రవరి 19న సవరణలు విడుదల చేసింది. పత్రికలు దీనిని వింతగా ప్రచురించాయి. పరిశోధకులు గమనించవలసినది వేరే ఉంది. 'జ్ఞా'లోని సంయుక్తాక్షరాన్ని కూర్చే బాధ్యత ఇప్పుడు ఫాంటుది మాత్రమే కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలోని అక్షర సంయోజక విభాగానిది కూడా. అక్షరం అక్కడికి చేరింది కాబట్టే దాని దోషం మొత్తం వ్యవస్థ దోషమైంది, దాని దిద్దుబాటు భద్రతా సవరణగా వెలువడింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గాన్ని ఇక్కడ సంగ్రహంగానే ప్రస్తావించవలసి ఉంది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ, ప్రభుత్వపక్షాన బాస్ పేరుతో సీ-డాక్, డెబియన్ ఆధారంగా లినక్స్ రూపాలను తయారు చేశాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. డెబియన్ స్థాపన కార్యక్రమంలోని భాషల జాబితాలో తెలుగు ఉంది. అయితే చిత్రరూప స్థాపనలో మాత్రమే కనిపిస్తుంది, వట్టి అక్షరాల తెర తెలుగును కూర్చలేదు. ఇంత జరిగినా ముద్రణాలయాలు లినక్స్ వైపు మళ్ళకపోవడానికి కారణం పైన చెప్పినదే: వారి అక్షరం విండోస్ మీద నడిచే ఫాంటులో ఉండిపోయింది. డిస్కును విభజించే దశలో పొరపాటు జరిగితే పాత ఫైళ్ళన్నీ పోతాయన్న భయం కూడా తోడయింది. అది నిరాధారమైన భయం కాదు. స్వేచ్ఛా వ్యవస్థ అయినంత మాత్రాన భద్రత దానంతట రాదని కూడా చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవారు స్థాపన ప్రతి స్థానంలో దొంగదారి అమర్చిన ప్రతిని దించుకొనేట్లు చేశారు. దించుకొన్న ప్రతి సరైనదో కాదో సరిచూసే సంఖ్యలు ఎందుకు ఇస్తారో అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో తెలుగు శాఖలు మళ్ళీ ఎంపిక చేసుకోవలసిన స్థితిలో ఉన్నాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి; శాఖలలోని పాత కంప్యూటర్లు అనేకం ఈ పరీక్షలో నెగ్గవు. విండోస్ 11 కేవలం 64 బిట్ల వ్యవస్థ కావడం వల్ల 16 బిట్ల పాత ప్రోగ్రాములు అందులో నడవవు. మరొక చిక్కు పైకి కనబడనిది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు కోరి తెచ్చుకోవలసిన అదనపు భాగాలయ్యాయి. గౌతమిలో కూర్చిన సిద్ధాంత గ్రంథాన్ని అది లేని కంప్యూటరులో తెరిస్తే మరొక ఫాంటు ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. పంక్తులు జరిగి పుటల సంఖ్యలు మారతాయి. ఉపయుక్త సూచికలన్నీ తప్పుతాయి.

ముక్కల ఫాంట్లలోని ఫైళ్ళను మార్చనిదే పాత యంత్రాన్ని వదలడానికి లేదు. పాత యంత్రాన్ని నెట్‌వర్కులో ఉంచడానికీ లేదు. ఎక్స్‌పీని వర్చువల్ యంత్రంగా మార్చి, ఇంటర్నెట్ సంబంధం తెంచి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ లోపల నడపడం ఇప్పటికి ఆచరణీయమైన మార్గం. పాత ఫాంట్లలోని వార్తాపత్రికల సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపిన పద్మ, ముక్కల నుంచి అక్షరాన్ని పునర్నిర్మించవచ్చని చాలాకాలం క్రితమే నిరూపించింది. అయితే అటువంటి మార్పిడి నూటికి నూరుపాళ్ళు సరిగా ఉండదు. అచ్చుప్రతితో పోల్చి పాఠాన్ని పరిష్కరించే పని సాంకేతిక నిపుణులది కాదు, తెలుగు శాఖలదే.

పరిష్కరించిన పాఠాన్ని ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంచాలన్న ప్రశ్నకు అక్షరమాలే కొంత సమాధానం చెబుతున్నది. దంత్య చజలకు గుర్తులైన ౘ, ౙలు యూనికోడ్‌లో చేరినది 2008లో. శాసన పరిశోధకులకు అవసరమైన ప్రాచీనాక్షరం ౚ 2015లోను, నకారపొల్లు 2021లోను చేరాయి. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమిలో ఇవేవీ లేవు. అక్షరం ప్రమాణంలో చేరడం వేరు, వాడే కంప్యూటరులోని ఫాంటులోకి రావడం వేరు. రెండవది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లతో గాని, విడిగా స్థాపించుకొన్న ఫాంటుతో గాని జరగాలి. నకారపొల్లుతో ముగిసే ఒక శాసన పంక్తిని అప్‌డేట్లు లేని యంత్రంలో తెరిస్తే, ఆ పొల్లు ఉండవలసిన చోట నేటికీ ఒక ఖాళీ డబ్బా కనిపిస్తుంది.