నా కెర్నలులో తెలుగుకు చోటు

2006 వేసవిలో రొద్దంలోని మా పాత కంప్యూటరుకు తగినట్లు లినక్సు కెర్నలును నేనే కూర్చుకోవాలని పూనుకొన్నాను. అందులో చాలా అంశాలకు మూడు సమాధానాలుంటాయి: లోపలే కలుపు, మాడ్యూలుగా విడిగా ఉంచు, అసలు వద్దు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన నాడు ఆ నడిమి దారి లేదు. అవసరానికి ఎక్కించి, తీరాక దించే మాడ్యూళ్ళు 1995లో వచ్చిన 1.2 నాటికి అందుబాటులోకి వచ్చాయి.

తొలి ప్రయత్నంలో డిస్కును చదివే ఈఎక్స్‌టీ3ని మాడ్యూలుగా పెట్టాను. ఆ మాడ్యూలు ఉన్నదేమో ఆ డిస్కులోనే! తాళంచెవి ఇంట్లో ఉంచి తలుపుకు తాళం వేసినట్లయింది. పాత కెర్నలుతో యంత్రాన్ని లేపి సరిదిద్దుకొన్నాను.

రెండవ పొరపాటు మాత్రం నాకు వెంటనే తెలియలేదు. దస్త్రాల పేర్లను చూపే లిపి పట్టికల జాబితాలో యూరపు భాషలు, చైనీయం, జపనీయం, థాయి కనిపించాయి. 1991లో ప్రమాణమైన మన ఇస్కీకి అందులో చోటు దొరకలేదు. ఏ భారతీయ భాష పేరూ లేదు. మనవి కానివి మనకెందుకని, పశ్చిమ యూరపు పట్టికనొక్కదానిని ఉంచి, తక్కినవన్నీ వద్దన్నాను. యూటీఎఫ్-8 కూడా వాటితోపాటే పోయింది.

మా అవ్వ పాడగా రాసుకొన్న పాటలను హిందూపురం నెట్‌సెంటరులో టైపుచేసి, తెలుగు పేర్లతోనే పెన్‌డ్రైవులో తెచ్చుకొన్నాను. వేరే ప్రతి లేదు. ఇంట్లో చూస్తే పేర్లన్నీ వరుసగా ప్రశ్నార్థకాలు! ఆ పేర్లతో ఒక్క దస్త్రమూ తెరుచుకోలేదు. పాటలు పోయాయనే అనుకొన్నాను.

నిజానికి ఏమీ పోలేదు. పెన్‌డ్రైవులోని ఫ్యాట్ పద్ధతి పొడవైన పేర్లను యూనికోడులోనే దాస్తుంది. తెలుగుకు యూనికోడు 1991 నాటి తొలి కూర్పులోనే స్థానమిచ్చింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 ఒక్కొక్క తెలుగు సంకేతాన్ని మూడేసి బైట్లుగా అందిస్తుంది. నేనుంచిన పట్టికకు తెలుగు తెలియదు గనుక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకొన్నది.

ఆ రాత్రే ఆ చిన్న మాడ్యూలును కట్టి, పెన్‌డ్రైవును యూటీఎఫ్-8తో మళ్ళీ తగిలించాను. అవ్వ పాటలు పేరుపేరునా తిరిగి వచ్చాయి. జాబితాలో మన భాష పేరు కోసం వెతికాను. మనకు చోటున్నది అందరికీ ఉమ్మడిదైన పేరులో. ఆ సంగతి పక్కనున్న సహాయ వాక్యాలలో రాసే ఉన్నది. నేను చదవలేదు, అంతే.