చివరి పొలాలకు ముందు: అవసర వాక్యాలు, యంత్ర పరిశీలన, తెలుగు క్రియ

సాఫ్ట్‌వేర్ తయారీకి ముందు అది ఏయే పనులు చేయాలో వాక్యాలలో రాసుకుంటారు. దీనిని అవసరాల పత్రం అనవచ్చు. అందులోని వాక్యం రెండర్థాలకు తావిస్తే, రాసినవారు ఒకటి తలుస్తారు, ప్రోగ్రాము రాసేవారు మరొకటి చేస్తారు. కనుక అటువంటి వాక్యాలను యంత్రం చేతనే ముందుగా పరీక్షింపజేసే ప్రయత్నాలు జరిగాయి.

1983లో రసెల్ అబట్ ఇంగ్లీషు వర్ణనలోని నామవాచకాల నుంచి డేటా రకాలను, క్రియల నుంచి పనులను రాబట్టే పద్ధతి ప్రతిపాదించాడు. 1990లలో అమెరికాలోని నాసా గొడార్డ్ కేంద్రంలో విల్సన్, రోజెన్‌బర్గ్, హయట్ 'ఆర్మ్' అనే పరికరాన్ని రూపొందించారు. అది వాక్యార్థాన్ని గ్రహించదు. మాటలను వెదికి లెక్కిస్తుంది. 'షల్', 'మస్ట్' విధిని, 'మే', 'కెన్' ఐచ్ఛికాన్ని తెలిపే మాటలు. 'యాడిక్వేట్' వంటివి బలహీనమైన మాటలు. ఇంగ్లీషుకు ఈ పద్ధతి కొంతవరకు సరిపోయింది.

తెలుగుకు సరిపోతుందా? ఒక ఉదాహరణ చూద్దాం. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలలో కోస్తా నుంచి వచ్చిన తెలుగు రైతులు క్యాంపులు ఏర్పరచుకొని స్థిరపడ్డారు. రాయచూరు జిల్లా పోతనాళ ఆ పరిసరాలలోనిదే. అక్కడి కాలువ నీటి పంపకానికి ఒక ప్రోగ్రాము కావాలని, దాని అవసరాల పత్రంలో ఈ వాక్యం ఉందని అనుకుందాం: 'నీరు తగ్గితే చివరి పొలాలకు ముందు వదలాలి.'

ఇక్కడ 'షల్' వంటి విడి మాట లేదు. విధి క్రియలోనే '-ఆలి'గా కలిసి ఉంది. 'వదలాల' అనే అక్షరాలను బట్టి వెదికితే 'వదలాలంటే', 'వదలాలనుకున్నారు' కూడా దొరుకుతాయి. మొదటిది షరతు, రెండవది కోరిక. రెండూ విధి కావు. రెండవ చిక్కు కర్త. 'వదులుతాను', 'వదులుతారు' అన్నప్పుడు క్రియే పురుషను చెబుతుంది. 'వదలాలి' చెప్పదు. లస్కరు వదలాలా, ఇంజనీరు వదలాలా, యంత్రమే తూము ఎత్తాలా? కన్నడంలోని 'బిడబేకు' కూడా ఇంతే.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరం. 'పొలాలకు' అన్నది 'వదలాలి'తో అన్వయిస్తే చివరి పొలాలకే మొదట నీరు. 'ముందు'తో అన్వయిస్తే చివరి పొలాల కంటె ముందు ఇతరులకు నీరు. ఒకే వాక్యం ఒక రైతు పంటను కాపాడుతుంది, లేదా ఎండబెడుతుంది.

మన శాస్త్రకారులు వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నారు. క్రియకు కర్తపై గల ఆకాంక్ష తీరలేదని గుర్తించడమే ఇక్కడ యంత్రం చేయవలసిన పని. కాన్పూరు ఐఐటీలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు 'అక్షర భారతి' పేరుతో పాణినీయ కారక దృష్టిని కంప్యూటరుకు అన్వయించారు. వారి గ్రంథం 1995లో వెలువడింది. వారి 'అనుసారక' తెలుగు, కన్నడాల నుంచి హిందీలోకి పాఠాన్ని అందించింది. దాని లక్ష్యం అనువాదమే. అయినా పదాన్ని ప్రకృతి ప్రత్యయాలుగా విడదీసే ఆ విశ్లేషణే అవసర వాక్యాల పరిశీలనకూ తొలిమెట్టు.

నేటి భాషా నమూనాలు ఇటువంటి వాక్యానికి తడుముకోకుండా ఒక అర్థం చెప్పగలవు. కాని పరిశీలకుడి ధర్మం ఒక అర్థాన్ని ఎంచుకోవడం కాదు, రెండున్నాయని చూపి రాసినవారిని అడగడం. ఆ ప్రశ్న ఇంగ్లీషు అనువాదం దగ్గర వేస్తే ఆలస్యమవుతుంది. అప్పటికే ఒక అర్థం జారిపోయి ఉంటుంది. తెలుగు వాక్యం దగ్గరే అడగాలి. అందుకు కావలసిన వ్యాకరణాన్ని రాయవలసినవారు తెలుగు విద్యార్థులే.