నాందేడ్ సుబా, రెండు అంకెల కొలువు

1636లో షాజహాన్ దక్కన్‌ను నాలుగు సుబాలుగా విడదీసి, ఇంకా పద్దెనిమిది నిండని కొడుకు ఔరంగజేబు చేతిలో పెట్టాడు. ఖాందేశ్, బేరార్, దౌలతాబాద్, నాలుగోది తెలంగాణ. ఆ తెలంగాణకు రాజధాని నాందేడ్, కాపు కాసేది కంధార్ కోట. గోల్కొండ, హైదరాబాద్ అప్పటికి కుతుబ్‌షాహీల చేతిలో ఉన్నాయి కాబట్టి మొగలుల దస్తరాల్లో తెలంగాణ అంటే గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరే. ఇవాళ నాందేడ్ మహారాష్ట్రలో ఒక జిల్లా కేంద్రం. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు వెళితే మాత్రం మరాఠీ పక్కనే తెలుగూ వినిపిస్తుంది.

నాలుగు సుబాల జమా, అంటే కాగితం మీది శిస్తు అంచనా, మొత్తం రెండు వందల కోట్ల దాములని రాసుకున్నారు. రూపాయికి నలభై దాముల చొప్పున ఐదు కోట్ల రూపాయలు. ఈ సొమ్మంతా బాదుషా ఖజానాకు పోయేది కాదు. ఎక్కువ భాగం కొలువులో ఉన్నవాళ్లకు జీతం బదులు జాగీర్లుగా పంచిపెట్టేవారు. ఎవరికి ఎంత అన్నది తేల్చేది మన్సబ్ అనే అంకె. పదితో మొదలై వేలల్లోకి వెళ్లే ఈ అంకె దర్బారులో ఎవరు ఏ వరసలో నిలబడాలో కూడా చెప్పేది. పనికొచ్చినవాడి అంకె పెరిగేది, బాదుషాకు కోపం తెప్పించినవాడిది తరిగేది.

ఇప్పుడు గూగుల్ మ్యాప్‌లో తప్పున్న చోట సరిచేసినా, దుకాణం ఫొటో పెట్టినా పాయింట్లు పడతాయి. లక్ష దాటితే పదో స్థాయి. ముక్కూమొహం తెలియని బాటసారికి దారి చూపినందుకు దక్కే మెప్పు అది. మనిషి ఉపయోగాన్ని అంకెగా మార్చి, ఆ అంకెను అందరికీ కనపడేలా పెట్టే పద్ధతిని మాత్రం 1570లలోనే అక్బర్ అమల్లోకి తెచ్చాడు. అతని తెలివి అంకె వేయడంలో కాదు, ఒకటికి రెండు వేయడంలో ఉందని నాకనిపిస్తుంది.

మొదటిది జాత్. అది మనిషి హోదా, సొంత జీతం. రెండోది సవార్, అంటే అతడు పోషించి యుద్ధానికి తేవలసిన రౌతుల లెక్క. ఐదువేల జాత్ ఉన్నవాడికి సవార్ కూడా ఐదువేలే అయితే ఆ హోదాలో మొదటి తరగతి. సగమో, అంతకు కొంచెం ఎక్కువో ఉంటే రెండో తరగతి. సగానికి తగ్గితే మూడోది. ఒకే జాత్ ఉన్నవాళ్లలోనూ బాధ్యత ఎక్కువ మోసేవాడే ముందు. గౌరవం ఒక గడిలో, దానికి బదులుగా చేయాల్సిన చాకిరీ ఇంకో గడిలో.

రెండో గడి నిజమో కాదో చూడటానికి దాగ్, చెహ్రా ఉండేవి. దాగ్ అంటే గుర్రానికి వాత. కుడివైపు బాదుషా ముద్ర, ఎడమవైపు మన్సబ్‌దారు ముద్ర. తనిఖీ రోజున పక్కవాడి గుర్రాన్ని అరువు తెచ్చి చూపించకుండా ఆ ఏర్పాటు. చెహ్రా అంటే రౌతు ఆనవాళ్లు రాసిన కాగితం: పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి రంగు, కనుబొమల తీరు, పుట్టుమచ్చ ఎక్కడ, గాయపు మచ్చ ఎక్కడ. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు లక్షన్నర దాకా హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో ఈ చెహ్రాలూ ఉన్నాయి. మూడున్నర శతాబ్దాల కిందటి మామూలు సిపాయి మొహం మీది మచ్చ మనకు తెలుస్తోందంటే కారణం, ఎవడో మన్సబ్‌దారు అబద్ధం చెబుతాడేమోనన్న సర్కారు అనుమానమే.

అనుమానం ఉన్నా సడలింపులు తప్పలేదు. షాజహాన్ కాలానికి, జాగీరు ఉన్న సుబాలోనే కొలువు చేస్తుంటే సవార్ అంకెలో మూడో వంతు రౌతులను చూపిస్తే చాలు. వేరే సుబాలో అయితే నాలుగో వంతు. బల్ఖ్ దండయాత్రకు ఐదో వంతుతోనే సరిపెట్టారు. జీతం వైపు కూడా అంతే. కాగితం మీది జమాకూ రైతు దగ్గర నిజంగా వసూలయ్యే హాసిల్‌కూ పొంతన లేక, జాగీరు ఏడాదిలో ఎన్ని నెలల జీతానికి సరిపోతుందో లెక్కగట్టి నెలల తరగతులు పెట్టారు. కరువులూ యుద్ధాలూ నమిలేసిన దక్కన్‌లో నాలుగు నెలల జాగీరు మామూలు సంగతి. అలాంటి చోట అంకె ఎంత పెద్దదైనా పన్నెండు నెలలు తిండి పెట్టదు.

అంకె తిండి పెట్టకపోయినా అవమానం మాత్రం చేయగలదు. 1666 మే 12న ఆగ్రా దర్బారులో శివాజీని పంచ్‌హజారీల, అంటే ఐదువేల మన్సబ్ వాళ్ల వరసలో నిలబెట్టారు. అంతకు ఏడాది ముందే పురందర్ ఒప్పందంలో ఇంకా చిన్నవాడైన అతని కొడుకు శంభాజీకి ఐదువేల మన్సబ్ ఇచ్చారు. తన కింద పనిచేసిన నేతాజీ పాల్కర్‌కూ అదే అంకె. ముందు వరసలో మొగలు సేనాని జస్వంత్ సింగ్ వీపు. శివాజీ దర్బారులోనే మండిపడి బయటికి వచ్చేశాడు. తర్వాత గృహ నిర్బంధం, తప్పించుకోవడం, రాయగఢ్‌లో పట్టాభిషేకం. మొగలులకు ఇంత ఖరీదైన వరస తప్పు మరొకటి లేదేమో.

పాఠం నేర్చుకున్నారో లేదో గానీ, తర్వాత ఔరంగజేబు అంకెలను ధారాళంగా పంచాడు. అతని ఏలుబడి మొదటి ఇరవై ఏళ్లలో వెయ్యి, అంతకు పై జాత్ ఉన్నవాళ్లు 486 మంది అని చరిత్రకారుడు అథర్ అలీ లెక్కతేల్చాడు. వారిలో మరాఠాలు 27. 1679 నుంచి 1707 దాకా మొత్తం 575, మరాఠాలు 96. శంభాజీని చంపించిన ఏడాదే, బందీగా చిక్కిన అతని పసి కొడుకు షాహూకు ఏడువేల మన్సబ్ రాసిచ్చారు. సేవకు ఇచ్చే మార్కులు శత్రువును కొనే ధరగా మారాయన్నమాట. తరతరాలుగా కొలువు చేసిన కుటుంబాలవాళ్లు గొణిగారు. ఫర్మానా చేతికొచ్చాక జాగీరు కోసం ఏళ్లతరబడి కాచుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్ వీధుల్లో ఇప్పటికీ అంటారే, ‘ఏక్ అనార్, సౌ బీమార్’ (దానిమ్మపండు ఒకటి, రోగులు వందమంది) అని, అదీ వాళ్ల గతి.

1708లో కొత్త బాదుషా బహదూర్ షా తమ్ముడు కామ్‌బఖ్ష్‌ను అణచడానికి దక్కన్‌కు దండు కదిలించాడు. దండుతోపాటు వచ్చిన గురు గోవింద్ సింగ్ నాందేడ్‌లో ఆగిపోయారు. ఆ అక్టోబరులోనే అక్కడ పరమపదించారు. 1830లలో అక్కడ మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన సచ్‌ఖండ్ గురుద్వారాలో, లంగరు దగ్గర గిన్నెలు తోమేవాళ్లకు ఎవరూ అంకె వేయరు. బహదూర్ షా తీరు అందుకు పూర్తి విరుద్ధం. అడిగినవాడికి లేదనకుండా మన్సబ్ ఇచ్చేవాడు. ఉత్తర్వులను రెండోసారి బాదుషా ముందు పెట్టి ఖాయం చేయించే అర్జ్-ఎ-ముకర్రర్ శాఖ ఇఖ్లాస్ ఖాన్‌ది. ఈ అర్హత లేని మంజూరులకు రాజ్యం చాలదని అతడు మొరపెట్టుకున్నాడు. వజీరు మునీమ్ ఖాన్ ముందుకొచ్చి కాదనే చెడ్డపేరు తెచ్చుకోదలచలేదు. విచారణ పని చివరికి చరిత్రకారుడు ముస్తైద్ ఖాన్ మీద పడింది. అంతఃపురం సిఫారసులు వచ్చిపడ్డాక అతడూ చేయగలిగింది లేకపోయింది. బాదుషా సంతకానికే విలువ పోయిందని ఆనాటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు.

ఆ కొలువులోనే చిన్ ఖిలిచ్ ఖాన్ అనే యువ సర్దారు ఉండేవాడు. ఆరువేల అంకె అందుకున్నాడు. కొత్తగా పైకొచ్చినవాళ్ల పెత్తనం నచ్చక వదిలేశాడు, బతిమాలితే మళ్లీ తీసుకున్నాడు, 1711లో మళ్లీ వదిలేసి ఢిల్లీలో ఇంటిపట్టున కూర్చున్నాడు. 1724లో శకర్‌ఖేడా యుద్ధం గెలిచి దక్కన్‌నే చేజిక్కించుకున్న నిజాముల్ ముల్క్ అతడే. నాందేడ్ అతని వారసుల కింద 1948 దాకా ఉంది. వాళ్లూ మన్సబులిచ్చారు, జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా అంటూ బిరుదుల నిచ్చెనా వేశారు. కాకపోతే ఆఖరి నిజాముల నాటికి మన్సబ్‌దారుకు గుర్రమూ లేదు, రౌతూ లేడు, తనిఖీ లేదు. తాత చేసిన కొలువు పేరు మీద మనవడికి నెలనెలా ఖజానా నుంచి కొంత సొమ్ము వచ్చేది.