పచ్చబొట్టు – పదిమంది మాట

ముంజేతిపై పచ్చబొట్టు గల అవ్వలు మన ఇండ్లలో ఇంకను కొందరున్నారు. మోచేతికి దిగువ ఒక తేలు, మణికట్టుపై చుక్కల ముగ్గు, లేదా పెనిమిటి పేరులోని రెండక్షరములు. ఏండ్లు గడచిన కొలది ఆ గీతలు కొంత అలుకుకొనిపోయి, ఆకుపచ్చయు నీలమును కలసిన రంగున, చర్మముతోపాటు తామును ముడుతలు పడినవి. అదే ఇంటికి సెలవులలో మనుమడు భుజముపై క్రొత్త బొమ్మ పొడిపించుకొని వచ్చును. తండ్రి మండిపడును. "పదిమంది ఏమనుకొందురురా?" అని తల్లి వాపోవును. అవ్వ మాత్రము మారుమాటాడక తన చేతివంక చూచుకొనును.

నేటి ప్రసంగమునకు మేము ఆ తల్లి ప్రశ్ననే విషయముగా తీసికొనుచున్నాము. మానవుడు ఇంత నొప్పికి ఓర్చి తన చర్మముపై ఏల వ్రాయించుకొనును? ఆ వ్రాతను చూచి ఇతరులు పలుకు మాటకు విలువ ఎంత? ఈ రెండు ప్రశ్నలును క్రొత్తవి కావు. చరిత్రలో వీనికి దొరకు సమాధానములు మాత్రము తండ్రికిని కుమారునికిని ఇద్దరికిని కొంత ఆశ్చర్యము కలిగింపవచ్చును.

ఈ ఆచారమెంత ప్రాచీనమో 1991లో ఆల్ప్స్ పర్వతములలో తెలియవచ్చినది. ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దున మంచులో కూరుకొనియున్న ఒక పురుషుని దేహము పర్వతారోహకుల కంటబడినది. అతడు జీవించి సుమారు 5,300 సంవత్సరములైనది. అతని చర్మముపై 61 గుర్తులున్నవి. బొమ్మలు లేవు, అన్నియు చిన్న గీతలు, అడ్డునిలువు గుర్తులు. పెక్కు గుర్తులు నడుము, మోకాలు, చీలమండ ప్రాంతములయందున్నవి. అచ్చటి ఎముకలలో అరుగుదల కనబడుటచే, అవి నొప్పి పోగొట్టుటకు చేసిన చికిత్సయై యుండునని పండితులు ఊహించుచున్నారు. అనగా మనకు తెలిసిన మిక్కిలి పాత పచ్చబొట్లలో కొన్ని అందము కొరకు గాక కీళ్ళనొప్పి కొరకు పుట్టినవి కావచ్చును.

మన పిల్లలు వాడు 'టాటూ' అను మాట పసిఫిక్ మహాసముద్రములోని తహితి దీవినుండి వచ్చినది. అచ్చటివారు దానిని 'తతావు' అందురు. 1769లో కెప్టెన్ జేమ్స్ కుక్ 'ఎండెవర్' నౌకలో ఆ దీవికి పోయినపుడు, జోసెఫ్ బ్యాంక్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆయన వెంట నుండెను. ఆ యేడు జూలై 5వ తేదిన, సుమారు పండ్రెండేండ్ల బాలికకు పచ్చబొట్టు పొడుచుచుండగా బ్యాంక్స్ చూచి తన దినచర్యలో వ్రాసికొనెను. మొదట ఓర్చుకొనిన బాలిక కొంతసేపటికి ఏడువసాగెను. ఇద్దరు స్త్రీలు ఆమెను కదలనీయక పట్టుకొని, ఒకసారి బుజ్జగించుచు, ఒకసారి గదమాయించుచు పని సాగనిచ్చిరి. ఇంత బాధ ఏల పడుదురని బ్యాంక్స్ ఎందరినో అడిగెను. ఒక్కరైనను కారణము చెప్పలేదట.

మన అవ్వలను అడిగినను సమాధానము దాదాపు ఇంతియే. "అందరు పొడిపించుకొనిరి, మేమును పొడిపించుకొంటిమి" అందురు. ఆచారము బలముగా నున్నచోట దానిని పాటించువానిని కారణమడుగువాడుండడు. పాటింపనివాడే పదిమందికి కారణము చెప్పుకొనవలసివచ్చును. అయితే కారణము తెలియకున్నను ఆ గుర్తునందేదో ఆకర్షణ గలదు. కుక్ నౌకలోని చిత్రకారుడు సిడ్నీ పార్కిన్సన్, మరికొందరు నావికులు ఆ దీవిలోనే తమ చేతులపై పొడిపించుకొనిరి.

ఇక మన తెలుగునాటికి వత్తము. ఇచ్చట ఈ పని ఎక్కువగా ఎరుకల స్త్రీలది. సోది చెప్పుటకు వాకిట నిలిచిన ఎరుకలసానియే పచ్చబొట్టు సూదులును తెచ్చెడిది. దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. పచ్చబొట్టునకు మసి సిద్ధపరచు విధమును ఆయన వర్ణించినాడు. పసుపును అవిసె ఆకును కలిపి నూరి, పలుచని గుడ్డకు పట్టించి, వత్తిగా చుట్టి, ఆముదపు దీపమున వెలిగింతురు. దానిపై క్రొత్త కుండను బోర్లించి, లోపల పట్టిన మసిని గీకి, నీటితోనో చనుబాలతోనో రంగరింతురు. ఆ నల్లని మసియే చర్మము క్రింద చేరి పచ్చగా కనబడును. పచ్చబొట్టను పేరు అందుచేతనే వచ్చినది.

అది ఏల చెరగదో నేటి శాస్త్రము చెప్పుచున్నది. సూది మొన, రాలిపోవుచుండెడి పైపొరను దాటి లోపొరలో రంగును నిలుపును. దేహమును కాచు కణములు ఆ రంగును పరాయి పదార్థముగా నెంచి మ్రింగును. కాని అరిగించుకొనలేక దానితో అచ్చటనే నిలిచిపోవును. అవి నశించినపుడు క్రొత్త కణములు వచ్చి ఆ రంగునే మరల మ్రింగును. తరిమివేయుటకు వచ్చిన కావలివాడే తరతరములుగా దానిని మోయుచున్నాడన్నమాట.

మన పల్లెల స్త్రీలు ఈ శాస్త్రమెరుగకయే దాని సారమెరిగిరి. నగలు దొంగలెత్తుకొనిపోవచ్చును, కరువు వచ్చినచో కుదువ పెట్టవలసియుండును, కడపట ఒంటినుండి ఒలిచివేయుదురు. పచ్చబొట్టు మాత్రము మనిషి వెంటనే వచ్చునని వారి విశ్వాసము. బంగారమునకు నోచుకొనని పేదరాలికి అది తరుగులేని నగ. ఆ చేతిని చూచి ఒకప్పుడు పదిమంది మెచ్చిరి. పట్టణపు నాగరికత వచ్చిన పిదప ఆ పదిమందియే దానిని మోటుతనమనసాగిరి. చెయ్యి మారలేదు, బొట్టు మారలేదు. చూచు కన్ను మారినది. చిన్ననాడు పెద్దలు పట్టుకొని పొడిపించిన గుర్తును, పెద్దయైన పిదప పదిమందిలో కొంగు చాటున దాచుకొనవలసిన స్థితి కొందరు స్త్రీలకు కలిగినది. పొడుచునపుడును వారి ఇష్టమును అడిగినవారు లేరు; నిందించునపుడును లేరు.

సమాజము ముచ్చటపడి పొడిచిన గుర్తు ఇట్టిది. ప్రభుత్వము శిక్షగా పొడిచిన గుర్తు వేరొకటి కలదు. ఈస్టిండియా కంపెనీ పాలనలో, బెంగాలునందు 1797 నాటి శాసనము ననుసరించి, యావజ్జీవశిక్ష పడిన ఖైదీల నుదుట వారి నేరము మున్నగు వివరములను దేశభాషలో పొడిచెడివారు. మద్రాసు ప్రెసిడెన్సీలోను ఈ పద్ధతి యుండెను. ఉత్తరదేశమున పచ్చబొట్టునకు గల 'గోద్నా' అను పేరే ఈ శిక్షకును వచ్చినది. నుదుటివ్రాత బ్రహ్మ వ్రాయునని మనవారి నమ్మిక. ఆ వ్రాత ఎవ్వరికిని కనబడదు గనుక మనిషి ఆశతో బ్రదుకును. కోర్టు వ్రాసిన ఈ నుదుటివ్రాత ఎదురైన ప్రతివానికిని కనబడును. ద్వీపాంతరములకు పంపబడిన ఖైదీలు కొందరు తలపాగాను కనుబొమలదాక దించి కట్టుకొని దానిని దాచుకొనిరి. శిక్ష ముగిసినను, క్షమాభిక్ష లభించినను, పిదప నిర్దోషియని తేలినను, ఆ అక్షరములను తుడుచువాడెవ్వడు? 1849లో ఈ శిక్షను రద్దు చేసిరి.

ఇట్టి క్రౌర్యము అంతటితో లోకమున అంతరింపలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలు ఆష్విట్జ్ నిర్బంధశిబిరములో 1941 నుండి ఖైదీల దేహములపై అంకెలు పొడిచిరి. ఆ శిబిరమున నాలుగు లక్షలకు పైగా ఖైదీలకు అంకెలు కేటాయింపబడినవి. వచ్చినవారిని వచ్చినట్లే చంపుటకు కొనిపోయినపుడు ఆ అంకె కూడ ఇయ్యలేదు. బ్రతికి బయటపడినవారు ఆ ముంజేతిని జీవితాంతము మోసిరి. ఇటీవల ఇజ్రాయెల్ దేశమున కొందరు మనుమలు, మనుమరాండ్రు తమ తాత అంకెను, అవ్వ అంకెను తమ చేతులపై కోరి పొడిపించుకొనిరి. అంకె అదియే, చోటు అదియే. ఒకటి మనిషి పేరును తుడిచివేయుటకు శత్రువు పొడిచినది. రెండవది ఆ మనిషిని మరువకుండుటకు మనుమరాలు పొడిపించుకొనినది. గుర్తు విలువను నిర్ణయించునది దాని ఆకారము గాక, దాని వెనుకనున్న ఇచ్ఛ ఎవరిదను విషయమని ఇచ్చట తేటపడుచున్నది.

ఆ ఇచ్ఛ ఎంత దృఢముగా నుండగలదో తెలుపుటకు మన పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోని రామనామీలను మించిన సాక్ష్యము లేదు. దళితులైన వీరికి గుడిలో ప్రవేశము లేకుండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర పరశురాముడను నతడు ఈ సంప్రదాయమును నెలకొల్పెను. గుడిలోని విగ్రహమును చూడనీయనిచో, రామనామమును దేహముపైననే ధరింతుమని వారనిరి. నుదుట, చెంపలపై, కనురెప్పలపై, ఒడలంతటను నాగరి లిపిలో 'రామ' శబ్దమును పొడిపించుకొనిరి. గుడి తలుపు మూయవచ్చును గాని ఒంటిపైని పేరును మూయుటెట్లు? పదిమంది మాటను వీరు లెక్కచేయలేదనుకొనుట పొరపాటు. లెక్కచేసినందుననే, ఆ మాటకు ప్రత్యుత్తరముగా, పదిమందికిని కనబడునట్లు వ్రాయించుకొనిరి. నేటి వారి యువకులలో ఒడలంతయు పొడిపించుకొనువారు అరుదు. కూలికి, కొలువునకు దూరదేశములు పోవువారికి ఆ ముఖము ఆటంకమగునని వారి జంకు. తాతలకు కవచమైనది మనుమలకు బరువైనది.

పదిమంది మాట ఎంత చపలమైనదో చూడవలెనన్నచో జపాన్ చరిత్ర చాలును. పాశ్చాత్యులు తమను అనాగరికులని తలంతురేమోయను జంకుతో ఆ ప్రభుత్వము 1872లో పచ్చబొట్టును నిషేధించెను. ఆ పాశ్చాత్యుల రాకుమారులేమి చేయుచుండిరి? తరువాత ఏడవ ఎడ్వర్డుగా రాజ్యమేలిన రాకుమారుడు 1862లోనే జెరూసలేమున తన చేతిపై శిలువ పొడిపించుకొనియుండెను. ఆయన కుమారుడు, పిదప ఐదవ జార్జి, పదునారేండ్ల ప్రాయమున 1881లో జపానునకు పోయి చేతిపై డ్రాగన్ బొమ్మ పొడిపించుకొనెను! ఎవరి అభిప్రాయమునకు వెరచి నిషేధించిరో వారే కోరి వచ్చి పొడిపించుకొనిరి. ఆ నిషేధము 1948లో తొలగినది. పచ్చబొట్టు పొడుచుట వైద్యవృత్తి కాదనియు, అందుకు వైద్యుని లైసెన్సు అక్కరలేదనియు జపాన్ సుప్రీంకోర్టు 2020లో తేల్చినది.

అయినను చట్టము తొలగినంతనే మనసు మారదు. జపాన్ ఉత్తరభాగమున హొక్కైడో దీవిలో ఐనూ జాతి స్త్రీలు పెదవుల చుట్టు పచ్చబొట్టు పొడిపించుకొనెడివారు. 1871లో దానిని నిషేధించిరి. 2013లో, న్యూజిలాండునుండి దేశీయభాషల సమావేశమునకై అదే దీవికి వచ్చిన ఒక మావోరీ మహిళను, గడ్డముపై తన జాతి గుర్తు ఉన్నదని స్నానశాలలోనికి రానీయలేదు. ఆమె దేశమున ఆ గుర్తు వంశమును తెలుపు గౌరవచిహ్నము. మా వృత్తికి సంబంధించిన మాట యొకటి ఇచ్చట చెప్పక తప్పదు. 2021 డిసెంబరులో ఒరీని కైపర అను మావోరీ మహిళ గడ్డముపై ఆ గుర్తుతోనే న్యూజిలాండు టెలివిజనులో ముఖ్యమైన సాయంకాలపు వార్తలు చదివెను. గడ్డముపై అట్టి గుర్తు గలవారు ఆ స్థానమున కూర్చుండుట అదియే ప్రథమము. ఒకచోట వాకిటనే ఆపిన గుర్తు, వేరొకచోట దేశమునకు వార్తలు చెప్పినది.

కావున పదిమంది మాటకు విలువ ఉన్నదా, లేదా? ఉన్నది. పచ్చబొట్టు చూపరుల కొరకు వ్రాయు వ్రాత; చదువువారిని పూర్తిగా కాదనుటకు వీలులేదు. మన దేశమున సైన్యములో చేరువారికి పచ్చబొట్ల విషయమున నియమములున్నవి. ఆచారమును బట్టి గిరిజనులకు అందు మినహాయింపు గలదు. శుభ్రపరచని సూదులవలన కామెర్లు మొదలుకొని ఎయిడ్స్ వరకు అంటుకొను ప్రమాదము గలదు. లేజరుతో చెరుపుటకు పలుమారులు పోవలెను. అప్పటికిని జాడ మిగులవచ్చును. వీనిని మనుమడు ముందుగా విచారించుకొనవలెను. కాని పదిమంది మాట ఒక తరములోనే తలక్రిందులగుట కూడ మనము చూచితిమి. అట్టి మాటను ఆధారముగా గొని, చేతిపై గుర్తును చూచి మనిషి గుణమును నిర్ణయించుట న్యాయము కాదు. అటులనే తానై కోరుకొను వయస్సు రాని పిల్లలకు, ముచ్చటకైనను మొక్కునకైనను, చెరగని గుర్తు పొడిపించుటయు న్యాయము కాదు. తహితి బాలిక ఏడుపు మన వాకిళ్ళలోను వినబడినదే.

తండ్రి కోపము చల్లారిన పిదప ఒక పని చేయవచ్చును. మనుమని అవ్వ దగ్గర కూర్చుండబెట్టి, "అవ్వా, ఇది నీకు ఎన్నవ యేట పొడిచిరి? ఎవరు పట్టుకొనిరి? చాల నొప్పి పుట్టెనా? నీవే కోరితివా?" అని అడుగనీయవలెను. ఆమె చేతిపైని ఆ తేలు చరిత్ర ఏ సంపుటమునను అచ్చుపడలేదు. చెప్పుటకు ఆమె ఉన్నపుడే దానిని వినవలెను.