సుబ్బికి కట్టిన వెల

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892 ఆగస్టు 13న విజయనగరంలో మొదటిసారి వేదికెక్కింది. జగన్నాథ విలాసినీ సభ వారు ఆడారు. 1897లో అచ్చయింది. ఆ అచ్చుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని అంకెలున్నాయి. నాటకం గురించి మాట్లాడబోయే ఎవరైనా ముందు అవి చదవాలి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో లెక్కకు అందినవి 1,034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. వాళ్ల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవట.

మనం ఇన్నేళ్లుగా పగలబడి నవ్వుతూ చూస్తున్న నాటకం పుట్టింది ఈ జాబితా పక్కన.

విజయనగరం, దాని చుట్టూ రెండు అగ్రహారాలు. కథలో ఎక్కువ భాగం అక్కడే. అందరికీ అందరి గుట్టూ తెలుసు. కృష్ణరాయపురం అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను ఇదివరకే డబ్బుకిచ్చి చేశాడు, ఆ పిల్ల వితంతువై పుట్టింట్లో ఉంది. ఇప్పుడు చిన్నది సుబ్బిని రామచంద్రపురం లుబ్ధావధాన్లనే ముసలాయనకు కట్టబెట్టబోతున్నాడు. ఈ పెళ్లి చేస్తే నూతిలో పడతానంటుంది తల్లి వెంకమ్మ. ఆవిడ మాట చెల్లదు. సుబ్బిని కాపాడింది ఎవరు? మేనమామ కరటక శాస్త్రి, ఆడపిల్ల వేషం కట్టి ముసలాయనతో తాళి కట్టించుకున్న కుర్రాడు మహేశం, వాళ్లకు అండగా నిలిచిన వేశ్య మధురవాణి. వితంతు వివాహాల మీద దంచి ఉపన్యాసాలిచ్చే గిరీశం కాదు. నాటకం ప్రాణం నా దృష్టిలో ఇక్కడే ఉంది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసినప్పుడు మధురవాణిని అంత ఎత్తుకు పెంచడం ఊరికే జరగలేదు.

1836లో మొదటిసారి ఆడిన గోగోల్ రష్యన్ నాటకం 'ఇన్‌స్పెక్టర్ జనరల్' కూడా చిన్న ఊరి కథే. అక్కడా ఒక మాటకారి ఊరందరినీ ముంచుతాడు. కానీ గోగోల్ ఊళ్లో మోసపోయేది అధికారులు. గురజాడ ఊళ్లో పణంగా పెట్టినవి పసిపిల్లల బతుకులు.

ఇక మన ఊరు హైదరాబాద్ సంగతి. హైదరాబాద్‌తో కలవక ముందు చాదర్‌ఘాట్‌కు విడిగా మునిసిపాలిటీ ఉండేది. మూసీకి ఉత్తరాన, బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టుపక్కల పెరిగిన కొత్త బస్తీ అది. ఆ రోజుల్లో అక్కడ విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇల్లు సంస్కరణ మాటలకు కూడలి. ఆయన కూతురు సరోజిని 1898లో గోవిందరాజులు నాయుడిని కులాంతర వివాహం చేసుకుంది, మద్రాసులో, 1872 నాటి బ్రహ్మ వివాహ చట్టం కింద. జరిపించింది కందుకూరి వీరేశలింగం. 'కన్యాశుల్కం' అచ్చయి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. అగ్రహారంలో గిరీశం నోటితో పలికిన సంస్కరణను ఈ మనుషులు తమ ఇంట్లో, తమ పిల్లల పెళ్లిలో చేసి చూపించారు. నాంపల్లి స్టేషన్ దారిలో ఉన్న ఆ కుటుంబం ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ విశ్వవిద్యాలయం నాటక శాఖ తర్వాత చాలా ఏళ్లు అక్కడే నడిచింది. నాటకం నేర్చుకునే పిల్లలకు అంతకంటే తగిన చోటు ఉంటుందనుకోను.

ఇరవయ్యో శతాబ్దం గిరీశాన్ని నాయకుణ్ణి చేసింది. 1955 సినిమాలో ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి దశాబ్దాల పాటు ఆ పాత్రలో జీవించారు. ఆయన అన్న సోమయాజులు 'శంకరాభరణం' శాస్త్రిగా అందరికీ తెలియకముందే ఇదే నాటకంలో రామప్ప పంతులుగా పేరు తెచ్చుకున్నారు. అందరూ గొప్ప నటులే. అయితే ఏడంకాల నాటకాన్ని మూడు గంటలకు కుదించినప్పుడల్లా గిరీశం మాటలు నిలిచాయి, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు కత్తెరకు పోయింది.

కన్యాశుల్కం పోయింది, దాని చోట వరకట్నం వచ్చింది కాబట్టి ఈ నాటకం చరిత్రగా మిగిలిందనే మాట తరచూ వింటాం. ఆ మాట నేను ఒప్పుకోను. శారదా చట్టం 1929లో వచ్చింది, వరకట్న నిషేధం 1961లో, బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో. చట్టాలు వచ్చాయి, బేరం మాత్రం ఆగలేదు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ల పిల్ల ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కనున్నది అరవై ఏళ్ల సౌదీ పెళ్లికొడుకు. తండ్రి చేతిలో డబ్బు పడింది, నిఖా జరిగింది. ముసలి వరుడు, పేద తండ్రి, మధ్యలో బేరం. మతమూ ఊరూ మారాయి, అంతే. ఆ తర్వాత కూడా పాతబస్తీ నుంచి అలాంటి కేసులు బయటపడుతూనే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్ధెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

రవీంద్రభారతిలో ఇకముందు 'కన్యాశుల్కం' ఆడేవారిని నేను కోరేది ఒకటే. నిడివి తగ్గించక తప్పకపోతే గిరీశం ఉపన్యాసాల్లో తగ్గించండి. వెంకమ్మ మొగుడితో పోట్లాడే రంగాన్ని ఒక్క మాట తీయకుండా ఆడించండి. వీలైతే సుబ్బిని ఆ గదిలోనే, వాళ్లిద్దరి మధ్య కూర్చోబెట్టండి. ప్రేక్షకులకు ఆ పిల్ల వయసు కనబడాలి.