విశ్వాసం, మానసిక ఆరోగ్యం: గోదావరిఖని ముస్లింలు

గోదావరిఖని, రామగుండం బొగ్గు బస్తీల ముస్లిం కుటుంబాల్లో మనోవ్యాధికి వైద్యం చాలాసార్లు మసీదు వాకిట్లోనే మొదలవుతుంది. మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజు ముగిసే వేళకు తల్లులు పసిబిడ్డలతో, నీళ్ళ సీసాలతో నిలబడతారు. బయటికొచ్చే నమాజీలు దువా చదివి ఊదుతారు. ఆ వరుసలో హిందువులూ కనిపిస్తారు. నిద్ర పట్టకపోయినా, ఉలిక్కిపడుతున్నా నజర్ (దిష్టి) తగిలిందనో జిన్ను సోకిందనో తావీజు (తాయెత్తు) కట్టిస్తారు, వరంగల్ జిల్లా అన్నారం షరీఫ్ దర్గాకు మొక్కుకుంటారు. నైట్ షిఫ్టులతో చెడిన నిద్ర మాత్రం తావీజుకు లొంగదు.

ఈ విశ్వాసం వైద్యానికి విరోధి కాదు. కారణమున్న దిగులు వేరు, కారణం లేని దిగులు వేరు అని ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) ఏనాడో రాశాడు. ఆత్మహత్య హరాం (నిషిద్ధం) అన్న నమ్మకం కొందరిని కాపాడుతుంది; ఆ ఆలోచన వచ్చిందని నోరు విప్పనివ్వనిదీ అదే. అసలు ప్రమాదం చికిత్స ఆలస్యం కావడంలో, రోగిని కట్టేయడంలో ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక ఆశ్రమం తగలబడి 28 మంది రోగులు చనిపోయారు. వారిలో చాలామంది గొలుసులతో కట్టేసి ఉన్నవారే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.